బిట్లు వచ్చాయి, బ్యాంకు రాలేదు

మన హాస్టల్లో ఏ గదిలోకి తొంగి చూసినా ట్రంకు పెట్టె మీద ఒక బిట్ బ్యాంకు పుస్తకం కనబడుతుంది. అట్ట చినిగి, మూలలు మడతలు పడి, ముందు చదివినవాళ్ళ గీతల మీద మన గీతలతో నిండిపోయి ఉంటుంది. సీనియర్ వెళ్ళిపోతూ జూనియర్‌కు ఇచ్చే ఆస్తి అదే. మాకూ అలాగే అందింది. మేమూ అలాగే చదివాం. ఆ చదువు వల్ల మాకు ఏం వచ్చింది, ఏం రాలేదు అన్నది ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా తమ్ముళ్ళకు చెప్పాలని, అన్నలకు గుర్తు చేయాలని మా ఉద్దేశం.

మేము అంటే ఒకే గదిలో ఉన్న అయిదుగురం. ఇద్దరం ఇప్పుడు పీజీ చదువుతున్నాం. ఒకడు గ్రామీణ బ్యాంకులో ఉద్యోగంలో చేరాడు. మిగతా ఇద్దరూ ఇంకా రాస్తూనే ఉన్నారు. కలం పట్టింది ఒకరైనా ఈ మాట అయిదుగురిదీ. మా అయిదిళ్ళలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకోవడానికి రోజు కూలి వదులుకుని వెళ్ళి, కౌంటరు ముందు నిలబడి, "రేపు రాపో" అనిపించుకుని వచ్చిన అమ్మానాన్నల పిల్లలం. ఆ కౌంటరుకు అవతలి పక్క కూర్చోవాలన్న కోరిక మాకు అక్కడే పుట్టింది. మీలో చాలామందికీ అక్కడే పుట్టి ఉంటుంది.

ప్రిలిమ్స్‌లో లేని సబ్జెక్టు

డిగ్రీ రెండో ఏడాదిలో మొదలుపెట్టాం. తెల్లవారుజామున అయిదింటికి లేచి, టిఫిన్ గంట కొట్టేదాకా జీకే బిట్లు వల్లె వేశాం. దేశాలు, రాజధానులు, కరెన్సీలు, అవార్డులు, ఎత్తయిన శిఖరాలు. ఒకడు అడిగితే ఒకడు చెప్పేవాడు. వరండాలో నడిచే తమ్ముళ్ళు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయేవారు. మాకూ గర్వంగానే ఉండేది.

తర్వాత పరీక్షకు వెళ్ళాం. అయిదుగురం ప్రిలిమ్స్‌లోనే పోయాం.

ఐబీపీఎస్ వారు జరిపే పీవో, క్లర్కు పరీక్షల ప్రిలిమ్స్‌లో జీకే ప్రశ్న ఒక్కటి కూడా ఉండదు. ఇంగ్లీషు 30, అరిథ్‌మెటిక్ 35, రీజనింగ్ 35, మొత్తం 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఒక్కో విభాగానికి 20 నిమిషాలే. ఆ 20 నిమిషాలు కాగానే ఆ విభాగం తెర మీద మూసుకుపోతుంది. ప్రశ్నకు సగటున 36 సెకన్లు. గ్రామీణ బ్యాంకుల ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు కూడా లేదు. రీజనింగ్ 40, అరిథ్‌మెటిక్ 40, మొత్తం 80 ప్రశ్నలకు 45 నిమిషాలు. జీకే, బ్యాంకింగ్ అవగాహన వచ్చేది మెయిన్స్‌లో. అంటే మేము రెండో గుమ్మానికి తాళంచెవి చేయించుకుని, మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోయాం.

ఇది మాకు ఎవరూ చెప్పలేదా అంటే, నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. మేమే చదవలేదు. నెట్ సెంటర్ అతనికి సర్టిఫికెట్లు ఇచ్చి, "అన్నా, నువ్వే నింపు" అన్నాం. అందుకే మొదటి విన్నపం: తమ్ముళ్ళారా, మీరు చదవాల్సిన మొదటి జీకే పుస్తకం నోటిఫికేషనే. పరీక్ష ఏ భాషలో రాయవచ్చో కూడా అందులోనే ఉంటుంది. గ్రామీణ బ్యాంకుల పరీక్షలను ప్రాంతీయ భాషల్లో కూడా జరుపుతామని కేంద్రం 2019లో ప్రకటించింది. ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పరీక్షకు కూడా ఆ సౌకర్యాన్ని 2021లో 13 ప్రాంతీయ భాషలకు విస్తరించారు. వాటిలో తెలుగు ఉంది. దరఖాస్తులో ఆ గడి దగ్గర ఏం పెట్టారో కూడా తెలియకుండా రాసిన వాళ్ళం మాలోనే ఇద్దరున్నాం. (2025 నోటిఫికేషన్ నుంచి ఆ క్లర్కు పోస్టు పేరు కస్టమర్ సర్వీస్ అసోసియేట్. క్లర్కు అనే పేరు కోసం వెతికి కనబడలేదని వదిలేయకండి.)

గుడ్డిగా పెడితే వచ్చేది సున్నా

మా రెండో తప్పు, తెలియని ప్రశ్నను వదలకపోవడం. పదో తరగతిలో సార్లు "ఏదో ఒకటి రాయండిరా, ఖాళీ వదలొద్దు" అని చెప్పిన మాట మాలో అలాగే ఉండిపోయింది. ఇక్కడ తప్పు జవాబుకు పావు మార్కు కోస్తారు.

ఒకరోజు గదిలో మాక్ టెస్ట్ పెట్టుకున్నాం. ఒకడు 80 ప్రశ్నలు చేశాడు. 50 ఒప్పు, 30 తప్పు. ఏడున్నర మార్కులు పోయి 42.5 మిగిలాయి. ఇంకొకడు 58 మాత్రమే చేశాడు. 50 ఒప్పు, 8 తప్పు. రెండు మార్కులు పోయి 48 వచ్చాయి. ఇద్దరికీ తెలిసినది సమానమే. అయిదున్నర మార్కుల తేడా మాత్రం వచ్చింది. కటాఫ్ దగ్గర పావు మార్కుతో పోయినవాళ్ళను మనం చూస్తూనే ఉన్నాం.

లెక్క వేసి చూడండి. ప్రశ్నకు అయిదు ఆప్షన్లు. ఏమీ తెలియకుండా అయిదు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది, నాలుగు తప్పుతాయి. ఒక మార్కు వచ్చి, నాలుగు పావులు పోతాయి. మిగిలేది సున్నా, పోయింది టైము. అదే రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తెలిసి, మిగతా మూడింట్లో ఒకటి పెడితే, మూడు ప్రశ్నలకు సగటున అర మార్కు మిగులుతుంది. కాబట్టి సగం తెలిసినా లాభమే. కానీ ఆ సగం అయినా విషయం అర్థమైతేనే వస్తుంది. బట్టీ పట్టినవాడికి బిట్టు గుర్తుంటే మొత్తం గుర్తుంటుంది, లేకపోతే అసలేమీ ఉండదు.

అమ్మకు వచ్చిన లెక్క

అరిథ్‌మెటిక్ అంటే మాకు భయం. సూత్రం గుర్తుకు వచ్చేలోపే టైము అయిపోయేది. ఒక సెలవుల్లో మాలో ఒకడు ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ వడ్డీ లెక్క చెబుతుంటే విన్నాడు. "నలభై వేలు, రెండు రూపాయల వడ్డీ, నెలకు ఎనిమిది వందలు, ఏడాదికి తొమ్మిది వేల ఆరు వందలు." కాగితం లేదు, కలం లేదు. డ్వాక్రా సంఘంలో పదేళ్ళుగా ఉన్న మనిషి.

మన ఊళ్ళల్లో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు. పరీక్ష భాషలో ఏడాదికి 24 శాతం బారువడ్డీ. నలభై వేలకు ఏడాదికి 9,600. అదే నలభై వేలు కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణంగా 7 శాతానికి తెస్తే 2,800. గడువులోపు కడితే మరో 3 శాతం రాయితీ పోయి 4 శాతమే పడుతుంది కాబట్టి 1,600. తేడా ఎనిమిది వేలు. ఇది పరీక్షలో ఒక ప్రశ్న. ఇంట్లో అయితే మన చెల్లెలి ఏడాది చదువు ఖర్చు.

ఆ రోజు నుంచి మేము వడ్డీ లెక్కలు, శాతాలు, లాభనష్టాలు అన్నీ ఇంటి లెక్కలుగా మార్చుకుని చేశాం. వేగం దానంతట అదే వచ్చింది. వరినాట్లకు ఎంతమంది పోతే ఎన్ని రోజుల్లో అయిపోతుందో మన నాన్నలకు తెలుసు. కాలం, పని లెక్కలంటే అవే. లెక్కలు మనకు రావని మనమే అనుకుంటున్నాం.

బిట్టు వెనుక ఏముంది

ఇక జీకే. అది వద్దని మేము అనడం లేదు. మెయిన్స్‌లో నిలబెట్టేది అదే. చదివే పద్ధతి మారాలంటున్నాం.

"రిజర్వ్ బ్యాంకు ఏ కమిషన్ సిఫారసు ఫలితం?" అన్నది పాత బిట్టు. జవాబు హిల్టన్ యంగ్ కమిషన్, 1926. రిజర్వ్ బ్యాంకు పని మొదలుపెట్టింది 1935 ఏప్రిల్ 1న, జాతీయం చేసింది 1949 జనవరి 1న. ఈ మూడూ మాకు నిద్రలో అడిగినా వచ్చు. కానీ ఆ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పినవారిలో డాక్టర్ అంబేద్కర్ ఉన్నారన్నది మాకు చాలా రోజులు తెలియదు. రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం 1923లోనే లండన్‌లో అచ్చయింది. మన డైనింగ్ హాల్లో ఆయన పటం కింద కూర్చునే రోజూ అన్నం తింటాం. ఏప్రిల్ 14న దండ వేస్తాం. ఆయన డబ్బు మీద, కరెన్సీ మీద అంత చదువు చదివారన్నది మాత్రం మన బిట్లలో లేదు. అయితే ఒక జాగ్రత్త. రిజర్వ్ బ్యాంకును ఆయనే స్థాపించారని కొందరు ఉపన్యాసాల్లో చెబుతుంటారు. అది సరికాదు. 1934 చట్టం ద్వారా అది ఏర్పడింది. మన పెద్దల గురించి కూడా ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవడమే వారికి గౌరవం.

ఇంకొకటి. 1969 జూలై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న మరో 6 బ్యాంకులు జాతీయం అయ్యాయి. మొదటిసారి 50 కోట్ల రూపాయలకు మించి, రెండోసారి 200 కోట్లకు మించి డిపాజిట్లు ఉన్నవాటిని తీసుకున్నారు. మన తెలుగువారి ఆంధ్రా బ్యాంకును భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించారు. అది రెండో జాబితాలో ఉంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 1980 నాటి ఆరింటిలో ఆ తేదీ తర్వాత సొంత పేరుతో మిగిలింది ఒక్క పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకే. ఆరు పేర్లు విడివిడిగా బట్టీ పడితే వారంలో మరిచిపోతాం. ఏది ఎందులో కలిసిందో వరసగా చూస్తే మరిచిపోలేం.

జాతీయం చేసి ఏం లాభం అన్న ప్రశ్న గైడులో ఉండదు. దాని జవాబు మన ఇళ్ళల్లో ఉంది. బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలి. అందులో వ్యవసాయానికి 18 శాతం, బలహీన వర్గాలకు 12 శాతం. ఎస్సీలు, ఎస్టీలు, చిన్న సన్నకారు రైతులు, స్వయం సహాయక సంఘాలు ఆ బలహీన వర్గాల లెక్కలోకి వస్తారు. కౌంటరు ముందు మన అమ్మ నిలబడి అడిగేది దయ కాదని ఈ ఒక్క బిట్టు చెబుతుంది.

పాత పుస్తకాలతో ఇంకో ప్రమాదం ఉంది. మా గదికి వచ్చిన గైడులో రెపో రేటు 6.50 శాతం. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్ళపాటు అది నిజమే. 2025 ఫిబ్రవరిలో 6.25, ఏప్రిల్‌లో 6.00, జూన్‌లో 5.50 అయింది. రిజర్వ్ బ్యాంకు గవర్నరు 2024 డిసెంబరులో మారారు. 2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. మా గైడు మాత్రం ఇంకా నాలుగు పేర్లూ, నాలుగు ప్రధాన కార్యాలయాలూ చెబుతోంది. తేదీ లేని బిట్టును నమ్మకండి.

ఇరవై రూపాయల బిట్టు

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాం.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. ప్రారంభం 2015. ఏడాదికి ప్రీమియం మొదట 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20. వయసు 18 నుంచి 70. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. ఈ బిట్టు మాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. ఎన్నడూ తప్పు పెట్టలేదు.

మాలో ఒకడి పెదనాన్న ట్రాక్టరు బోల్తా పడి చనిపోయాడు. మేము నలుగురం ఆ ఊరికి వెళ్ళాం. బండి అయినవాళ్ళదే, కేసెందుకు అన్నారు పెద్దమనుషులు. పోలీసులకు చెప్పలేదు. పోస్టుమార్టం జరగలేదు. సాయంత్రానికి అంతా అయిపోయింది. మేము అక్కడే ఉన్నాం. ఆ రాత్రి బస్సులో తిరిగి వచ్చి, రెండు రోజుల తర్వాత మళ్ళీ బిట్లు చదువుకున్నాం. వాటిలో ఆ బిట్టు కూడా ఉంది.

ఎనిమిది నెలల తర్వాత వాడు కులధ్రువీకరణ పత్రం కోసం పెదనాన్న ఇంట్లో పాత పెట్టె వెతుకుతుంటే పాస్‌బుక్ దొరికింది. అందులో ప్రతి ఏడాదీ మే నెలాఖరున ఒక పద్దు. మొదట్లో 12, తర్వాత 20. ఎప్పుడో జన్‌ధన్ ఖాతా తెరిచినప్పుడు పెట్టించిన సంతకం అది. పెద్దమ్మకు ఆ సంగతే తెలియదు.

వాణ్ణి వెంటబెట్టుకుని పెద్దమ్మ బ్యాంకుకు వెళ్ళింది. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. ఫారం ఇచ్చి, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక తెమ్మన్నాడు. అవి లేవు. ఇక వచ్చే దారీ లేదు. రెండు లక్షలు పోయాయి. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్ద పిల్ల ఇంటర్‌తో ఆగిపోయి మిరపకాయల కోతకు పోతోంది.

ఆ బ్యాంకు తప్పు లేదు. పెద్దమనుషులు చెడు తలచి చెప్పలేదు. చావు ఇంట్లో బీమా గురించి అడగడం బాగుండదని కూడా అనుకోవచ్చు. కానీ ఆ రోజు ఆ వాకిట్లో ఆ బిట్టు తెలిసిన డిగ్రీ విద్యార్థులం అయిదుగురం నిలబడి ఉన్నాం. "ఒక్కసారి పాస్‌బుక్ చూద్దాం, కేసు రాయిద్దాం" అన్న మాట ఒక్కడికీ తట్టలేదు. మాకు జవాబు తెలుసు, విషయం తెలియదు. మా చదువు మీద మాకున్న గర్వం ఆ రోజుతో పోయింది.

అంత టైము ఎక్కడిది?

కొందరు సీనియర్లు మాతో వాదించారు. "ఇవన్నీ ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. పరీక్షకు కావలసింది వేగం. కారణాలు తవ్వుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడు అవుతుంది?" అన్నారు. ఇందులో నిజం ఉంది. తేదీలు, పేర్లు కంఠస్థం చేయక తప్పదు. టైము పెట్టుకుని అభ్యాసం చేయకుండా ఎవరూ గట్టెక్కలేదు. నంద్యాల వెళ్ళి కోచింగ్ తీసుకుని ఉద్యోగాలు తెచ్చుకున్న అన్నలు మన హాస్టల్లోనే ఉన్నారు. వారి కష్టాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

అయినా మా అనుభవం వేరుగా చెబుతోంది. వెనుక కథ తెలిసిన బిట్టును మేము మళ్ళీ చదవాల్సిన పని పడలేదు. మొదట పట్టిన టైము తర్వాత మిగిలింది. గ్రామీణ బ్యాంకులో చేరిన మావాడు మా అందరికంటే తక్కువ పుస్తకాలు చదివాడు. కానీ చేసిన ప్రతి తప్పునూ ఒక నోటుబుక్కులో రాసుకుని, ఎందుకు తప్పిందో పక్కనే రాసుకున్నాడు. ఇక మాలో అందరికీ ఉద్యోగం రాదు. ఆ మాట దాచడం అన్యాయం. రాకపోయినా మనం ఇంటికి పట్టుకుపోయేది ఏదో ఒకటి ఉండాలి కదా.

మనం చేయగలిగినవి

తమ్ముళ్ళకు: ప్రతి గదికీ ఒక బిట్ల నోటు పెట్టండి. ప్రతి బిట్టు పక్కనా రాసిన తేదీ, వెనుక సంగతి ఒక్క వాక్యం ఉండాలి. ఆదివారం ఉదయం స్టడీ అవర్‌లో గడియారం పెట్టుకుని 60 నిమిషాల పరీక్ష రాయండి. ఒకరి పేపరు ఇంకొకరు దిద్దండి. తప్పులు మాత్రమే అరగంట మాట్లాడుకోండి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంటి పాస్‌బుక్కులు, మీ వీధిలో చదువు రానివాళ్ళ పాస్‌బుక్కులు తెరిచి చూడండి. 20 రూపాయల పద్దు ఉందా, 436 రూపాయల జీవనజ్యోతి పద్దు ఉందా, నామినీ పేరు ఉందా చూసి, ఇంట్లోవాళ్ళకు చెప్పండి. బ్యాంకు డిపాజిట్‌కు 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షల దాకా బీమా ఉందని, ఎక్కువ వడ్డీ చూపించే కంపెనీలకు అది వర్తించదని చెప్పండి.

వార్డెన్ గారికి, అధికారులకు: పరీక్ష కంప్యూటరు మీద జరుగుతుంది. మాలో ముగ్గురం మౌస్ మొదట పట్టుకున్నది పరీక్ష హాల్లోనే. హాస్టల్‌కు రెండు కంప్యూటర్లు, ఉదయం స్టడీ అవర్‌కే చేతికందే ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లీషు పేపరు ఇప్పించండి.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు: వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళడం మాకు సంతోషమే. దానికి తోడు ఏడాదికి ఒక్క ఆదివారం ఇవ్వండి. మీరు ఏ ప్రశ్న దగ్గర తప్పారో, కౌంటరు అవతల కూర్చున్నాక ఏం చూశారో చెప్పండి. అది ఏ గైడులోనూ దొరకదు.

మా పాత బిట్ బ్యాంకు పుస్తకాన్ని మేము ఈ ఏడాది గదిలోకి వచ్చిన తమ్ముళ్ళకే ఇచ్చాం. ఇచ్చే ముందు అయిదుగురం కూర్చుని తప్పిపోయిన రేట్లు, మారిన పేర్లు ఎర్ర సిరాతో దిద్దాం. సురక్షా బీమా బిట్టు పక్కన మాత్రం ఒక వాక్యం ఎక్కువ రాశాం: "ప్రమాదం జరిగితే ముందు పోలీసులకు చెప్పాలి, పోస్టుమార్టం చేయించాలి, పాస్‌బుక్ చూడాలి." తమ్ముళ్ళు ఆ పుస్తకాన్ని వచ్చే ఏడాది ఇంకొకరికి ఇచ్చేటప్పుడు తమ ఎర్ర సిరా కూడా కలిపి ఇవ్వాలని మా కోరిక.